మూడో పిలుపు

తలుపు మీద అంటించిన జిరాఫీ బొమ్మ మెడ దగ్గర చిరిగితే ఎవరో దానికి ప్లాస్టరు వేశారు, దెబ్బలకు వేసే ప్లాస్టరే, పిల్లల డాక్టరు దగ్గర ఇలాంటి ముచ్చట్లు మామూలే కాబోలు. ఆ తలుపు వెనక మా అన్నయ్య, వదిన, వాళ్ల పాప ఉన్నారు. పాపను పిడుగు అని పిలవడం మొదలుపెట్టింది నేనే, మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరి మాటా పూర్తికానిచ్చేది కాదు కనుక. ఆ పిడుగు నోరు మెదిపి రెండు వారాలు దాటింది. ఈ డాక్టరమ్మ అయితే మెల్లగా మాట రాబడుతుందని ఎవరో చెబితే వచ్చాం. లోపలికి అమ్మానాన్నలు మాత్రమే రావాలంది, నేను బయట కుర్చీలో వదిన చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గంట పడుతుందట. మీరు పాపకి ఏమవుతారని కౌంటరు దగ్గరి అమ్మాయి అడిగితే మేనత్తనని చెప్పాను. మామూలుగా ఆ మాట కాస్త గొప్పగానే అంటాను, ఇవాళ నాకే వినపడలేదు, ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. డాక్టరమ్మ గంటసేపు తంటాలుపడి కనుక్కోబోయేది నాకు ఇంట్లో బయల్దేరేటప్పుడే తెలుసు. తెలిసీ జిరాఫీ మెడ వంక చూస్తూ కూర్చున్నాను.

నా పని బూచాళ్లు. యూనివర్సిటీలో నా గది తలుపు మీద నోరు తిరగని పేరేదో రాసి ఉంటుంది గానీ సంగతి అంతే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఏ దేశంలో ఏ రూపంలో తిరుగుతుంటారో పోగుచేసి వరసలో పెట్టడం. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తున్నావమ్మా అంటే బూచాడి మీద పరిశోధన అంటాను, దానికి జీతం కూడా ఇస్తారా అని నవ్వుతారు, ఆ నవ్వు నాకిష్టం, వాళ్లు నవ్వడం అయ్యాక మెల్లగా మొదలుపెడతాను. మంచుదేశంలో ఒకడుంటాడు, వాడి భుజాన గోనెసంచీ. కొండదేశంలో ఇంకొకడు, వాడి పాదాలు ఎప్పుడూ తడిగా ఉంటాయి, అందుకే అడుగుల చప్పుడు కాదు, తెల్లారాక నేల మీద తడి మాత్రం కనబడుతుంది. ఏరులూ బురదా ఉన్న చోట ఒకడు, వాడికి సొంత గొంతు లేదు, మీ అమ్మ గొంతుతోనే పిలుస్తాడు, కానీ పాపం రెండుసార్లే పిలవగలడు, మూడోసారి వాడివల్ల కాదు, అందుకని అక్కడి పిల్లలు మూడో పిలుపుకి గానీ పలకరు. ఇక్కడికి వచ్చేసరికి నవ్వినవాళ్లందరూ ప్లేట్లు పట్టుకుని నా చుట్టూ చేరతారు. వదిన నన్ను పంతులమ్మా అని ఆటపట్టిస్తుంది గానీ వచ్చినవాళ్లందరికీ నా గది చూపిస్తుంది, గోడకి నేను తగిలించిన పట్టిక చూపిస్తుంది. ఇంట్లో వెలుతురు బాగా వచ్చే గది అది, పుస్తకాలకు వెలుతురు కావాలని పెళ్లయిన కొత్తలోనే పట్టుబట్టి నాకిప్పించింది. ఆ పట్టికలో నాలుగే గళ్లు, ఎలా ఉంటాడు, ఎలా వస్తాడు, ఎలా పిలుస్తాడు, ఏం షరతు పెడతాడు. ఐదో గడి కావలసింది. అది ఇవాళ తెలుస్తోంది.

ఇక్కడికి రాకముందు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పిలిస్తే పలకడం లేదని వదినకు అనుమానం, వంటింట్లోంచి ఒకసారి పిలిస్తే కదలదు, రెండోసారి పిలిచినా కదలదు, మూడోసారి పిలిచేసరికి పరుగెత్తుకొస్తుంది, చెవిలో ఏదైనా అడ్డుపడిందేమోనని వదిన భయం. అది వదిన చెబుతున్నప్పుడు నేను టీ తాగుతున్నాను. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ చెవుల డాక్టరు దగ్గర కూడా నేనున్నాను, అద్దాల గదిలో పిడుగు పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చప్పుడు వినబడినప్పుడల్లా బుద్ధిగా వేలు ఎత్తింది, ఒక్కటీ తప్పలేదు, ఆయన కాగితం మీద గీతలు చూసి మీకన్నా నాకన్నా బాగా వినబడుతోందమ్మా అన్నాడు. అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. వదిన ఏడ్చింది, చెవులు బాగుంటే మరి నేను పిలిస్తే ఎందుకు రాదు అని. నేను వదిన వీపు నిమిరాను. ఈ చేత్తోనే. ఎందుకు రాదో తెలిసిన చేత్తోనే నిమిరాను, ఇంకేం కాదులే వదినా, పిల్లలు అలాగే ఉంటారు అన్నాను, ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

చేపలతొట్టి దగ్గర ఒక చిన్నపిల్లాడు అద్దం మీద అరచేత్తో బాదుతుంటే వాళ్లమ్మ, అల్లరి చేశావంటే డాక్టరమ్మ పెద్ద సూది వేస్తుంది చూడు అంటోంది. నా మనసు వెంటనే దాన్ని మూడో గడిలోనా నాలుగో గడిలోనా అని చూసుకుంది. సిగ్గులేని మనసు. ఇల్లు తగలబడుతున్నా ఏ రకం మంట అని చూస్తుంది.

ఆ రోజు వాన. బడి మూసేశారు, వదినకి ఆఫీసు తప్పలేదు, కాస్త పిల్లని చూస్తావా పంతులమ్మా అని గొడుగు తీసుకుని వెళ్లింది. కరెంటు పోయింది. నేను పిడుగుని పక్కలోకి లాక్కుని దుప్పటి కప్పి కథ చెబుతానన్నాను. ఇంతవరకూ ఏ అత్తయినా చేసేదే. కానీ నేను కథ చెప్పడానికి కూర్చోలేదు. అంతకు ముందు సెమినారులో మా ప్రొఫెసరు అందరి ముందూ అడిగాడు, నువ్వు పోగుచేసినవన్నీ పెద్దవాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పినవి, పిల్లకి భయం ఎక్కడ మొదలవుతుందో నువ్వెప్పుడైనా కళ్లారా చూశావా అని. లేదన్నాను. ఆయన తల ఊపి తర్వాతి మనిషి వైపు తిరిగాడు. ఆ తల ఊపడం నాకు ఎక్కడో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. అందుకని ఆ వాన మధ్యాహ్నం ఒక దేశంవాడి సంచీ, ఒక దేశంవాడి పాదాలు, ఒక దేశంవాడి గొంతు తీసుకుని, దర్జీ ఒక చొక్కా చేతులు ఇంకో చొక్కాకి అతికినట్టు అతికి కొత్తవాణ్ణి తయారుచేశాను. ఏ ఊళ్లోనూ ఎవరూ చూడనివాడు. మూటాయన అని పేరు పెట్టాను. బూచాడికి ఆయన అని మర్యాదేమిటని పిడుగు పడి పడి నవ్వింది. దిండు పక్కన నా ఫోను, రికార్డింగు ఆన్ చేసి ఉంది.

తడి పాదాల దగ్గర కాళ్లు ముడుచుకుంది. అమ్మ గొంతుతో పిలుస్తాడన్నప్పుడు నవ్వు ఆగిపోయింది, నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది, కళ్లు నా మొహం మీదే. నేను ఆ కళ్లలోకి చూస్తున్నాను, అత్తలా కాదు, పాలు ఎప్పుడు పొంగుతాయా అని గిన్నెలోకి చూసే మనిషిలా. ఇదిగో ఇక్కడ అనుకున్నాను. సంతోషం కలిగింది. ఇది దాచుకుని లాభం లేదు, నాకు సంతోషం కలిగింది, దొరికింది అనుకున్నాను, ఇంకొంచెం మెల్లగా చెప్పాను, గొంతు తగ్గించాను, వదిన గొంతును అనుకరించి పిలిచాను కూడా. చివరికి షరతు. ఎప్పుడో ఒక పాత సంకలనంలో చదివి ముచ్చటపడి రాసిపెట్టుకున్న షరతు అది. మూటాయన కథ విన్నవాళ్లు దాన్ని ఇంకొకళ్లకి చెబితే, చెప్పిన పిల్లల్ని వాడేమీ అనడు, వాళ్లకి ముందుగా ఆ కథ ఎవరు చెప్పారో వాళ్లని మూటకట్టుకుపోతాడు. చదువుకున్నవాళ్లకి అది బలే తమాషా షరతు, కథ తన నోరు తనే కట్టేసుకుంటుంది, దాని మీద ఒక వ్యాసం రాయొచ్చు. అది చెప్పి, ఫోను ఆపి, దుప్పటి తీసి లేచాను. ముఖ్యమైనదంతా వచ్చేసింది, మర్చిపోకముందే రాసుకోవాలి. నేను మెట్లెక్కుతుంటే కింద నుంచి, అత్తా, ఇప్పుడు వాడు ఎక్కడున్నాడు అని అడిగింది. ఏమో, ఎక్కడో ఉంటాడులే అన్నాను, వెనక్కి తిరక్కుండానే. అదే పిడుగు నాతో మాట్లాడిన చివరి మాట, నాతోనే కాదు, ఎవరితోనైనా.

మొదటి రోజు గొంతు నొప్పనుకున్నారు, తర్వాత అలక అనుకున్నారు. ఆ తర్వాత బడి వాను వచ్చినప్పుడు జరిగింది. వానులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా ఉంది, పిల్లల అన్నం డబ్బాలన్నీ తొక్కిసలాటలో ఒలికిపోకుండా ఒక పెద్ద గుడ్డసంచీలో వేసి భుజానికి తగిలించుకుంటుంది, పిల్లలందరి మీదా అరుస్తుంది, పిల్లలందరికీ ఆవిడంటే ఇష్టం. ఆ సంచీ వంక చూసి పిడుగు గేటు పట్టుకుని వదలలేదు. మాట లేదు, కేక మాత్రం వచ్చింది, వీధి వీధంతా తలుపులు తీసి చూసింది. ఇంక అన్నయ్యకీ వదినకీ అంతా అర్థమైపోయింది, ఆయా ఏదో చేసింది, కొట్టిందో, ఎక్కడైనా బంధించిందో, ఇంకేమైనానో, వదిన ఆ ఇంకేమైనా దగ్గర మాట పూర్తి చేయలేకపోయేది. బడివాళ్లు ఆయాని వాను ఎక్కవద్దన్నారు, సంగతి తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆవిడ ఆదివారం పొద్దున మా గేటు దగ్గరికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, జుట్టు దువ్వుకుని వచ్చింది, సంచీ లేకుండా ఆవిడ భుజం ఒక పక్కకి వంగినట్టు కనిపించింది. వదిన గేటు తియ్యలేదు, గేటు అవతల నిలబెట్టే నోటికొచ్చినట్టు మాట్లాడింది. ఆవిడ అరవలేదు. మీ పాప నన్ను చూసి ఎందుకు భయపడుతోందో మీరే అడగండమ్మా, నాకూ తెలియాలి కదా అంది. నేను మేడ మీద కర్టెను వెనకున్నాను. కర్టెను కొంచెం కదిలింది, ఆవిడ తలెత్తి చూసింది, నేను వెనక్కి తప్పుకున్నాను. నా సొంత గదిలో దొంగలా గోడకి ఆనుకుని నిలబడితే ఎదురుగా నా పట్టిక.

ఇవాళ కారులో అన్నయ్య అన్నాడు, ఇక్కడ పని అయ్యాక బడికి గట్టిగా ఒక ఫిర్యాదు ఇవ్వాలి, ఆయాని పూర్తిగా తీసేయాలి, నీకు రాయడం వచ్చు కదా, నువ్వే రాసిపెట్టు, నేనూ మీ వదినా సంతకం పెడతాం అని. సరే అన్నయ్యా అన్నాను. అలా అనమని ఎవరైనా మెడ మీద కత్తి పెట్టారా, లేదు, కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది, పిడుగు నా పక్కన కూర్చుని నా చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, నేను సరే అన్నాను. ఎన్నిసార్లు చెబుదామనుకోలేదు, మెట్లు దిగి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను, వదిన వెనక్కి తిరిగి ఏం కావాలి పంతులమ్మా అంటే మంచినీళ్లు అన్నాను. నీళ్లు తాగి తాగి కడుపు నిండింది. చెబితే ఏమవుతుంది, నన్నేమీ అనరు, అదే భయం. అన్నయ్య ఒక్క మాట కూడా అనకుండా తల దించుకుంటాడు, చెల్లెలి గురించి ఊరంతా గొప్పగా చెప్పుకున్న మనిషి. వదిన ఇంకెప్పుడూ పిల్లని నా దగ్గర వదిలివెళ్లదు, ఇంటికి వచ్చినవాళ్లకి నా గోడ చూపించదు. ఈ సిగ్గు అనేది ఎంత చిన్నదో చూడండి, ఒక మనిషి ఉద్యోగం పోతోంది, ఒక పిల్ల నోరు పోయింది, నేను మాత్రం ఇంకా గోడ గురించే ఆలోచిస్తున్నాను.

చున్నీ కొస. అదెందుకు చుట్టుకుంటుంది అసలు. ఈ రెండు వారాల్లో పిడుగు నన్ను వదలడం లేదు, పొద్దున నేను లేవకముందే మేడెక్కి వస్తుంది, నా దుప్పటి కింది కొస ఎత్తి పాదాలు చూస్తుంది, మళ్లీ కప్పి వెళ్లిపోతుంది. లైబ్రరీకి బయల్దేరితే చెప్పులు దాచేస్తుంది. మొన్న నా గది గుమ్మం దగ్గర నేల మీద అరచేత్తో తడిమి తడిమి చూస్తుంటే ఏం పోయిందే అని అడిగాను, తల అడ్డంగా ఊపింది. నేను దీన్నంతా ప్రేమ అనుకున్నాను, ఇంకా సిగ్గులేని సంగతేమిటంటే వదినతో గొప్పగా చెప్పుకున్నాను కూడా, అందరి మీదా అలిగింది గానీ అత్తని మాత్రం విడిచి ఉండలేకపోతోంది చూడు అని. వదిన అవునమ్మా, నీ దగ్గరే కాస్త కుదుటగా ఉంటోంది అంది, ఆ మొహంలో కొంచెం నొప్పి కూడా కనిపించింది. నేల తడిమి చూసింది తడి కోసం. పాదాలు చూసింది నేనున్నానా లేనా అని. చెబితే, చెప్పిన పిల్లని వాడేమీ అనడు. ఎవరు చెప్పారో వాళ్లని. అది నేనే చెప్పాను, నా నోటితో, గొంతు తగ్గించి మరీ. నేను ఇన్నాళ్లూ పిడుగు తనకేదో అవుతుందని భయపడి నోరు కట్టేసుకుందనుకున్నాను, అంత మాత్రం భయమైతే ఏదో ఒకరోజు తగ్గుతుందిలే అని లోలోపల కాచుకు కూర్చున్నాను. దానికి తన భయం కాదు. ఒక్క మాట నోరు జారినా అత్తని మూటకట్టుకుపోతాడని అసలు మాట్లాడటమే మానేసింది, అమ్మతో మానేసింది, బడిలో మానేసింది, ఇప్పుడా తలుపు వెనక డాక్టరమ్మ బొమ్మలూ రంగులూ ముందు పెట్టి బతిమాలుతుంటే పెదవులు బిగించుకుని కూర్చుని ఉంటుంది. నన్ను కాపాడటానికి. నేనూ అందుకే నోరు మూసుకున్నాను, నన్ను కాపాడుకోవడానికి. ఇద్దరం కలిసి ఒక్కదాన్నే కాపాడుతున్నాం.

వదిన చేతిసంచీ ఒళ్లోంచి జారి కింద పడింది. పిడుగు నీళ్లసీసా దొర్లుకుంటూ చేపలతొట్టి కిందికి పోతే ఆ పిల్లాడు తెచ్చి ఇచ్చాడు. నేను తీసుకోవడం మర్చిపోయాను, వాడు దాన్ని కుర్చీ మీద పెట్టి నన్నే చూస్తూ వెనక్కి నడిచి వాళ్లమ్మ దగ్గరికి పోయాడు.

మాకు నాన్న చెప్పేవాడు. అన్నయ్యకీ నాకూ, మంచం మీద అటొకరం ఇటొకరం, నాన్న చెప్పే బూచాడికి పళ్లు వంకర, వాడు మా వీధి చివర చెత్తకుండీలో ఉంటాడు, మూరెడు గోళ్లు. హడలిపోయేవాళ్లం. కానీ కథ అయిపోయాక నాన్న లేచేవాడు, పద నాయనా, నీ పని అయిపోయింది, పిల్లలు పడుకోవాలి అని వాడితో మాట్లాడుతూ వీధి తలుపు దాకా నడిచేవాడు, వాణ్ణి బయటికి సాగనంపేవాడు, ఇక గడియ మీరు పెట్టండి అనేవాడు. గడియ నేను పెట్టాలా అన్నయ్య పెట్టాలా అని కొట్టుకునేవాళ్లం. గడియ పడిన చప్పుడుతో నిద్ర వచ్చేసేది. ఇది నాకు గుర్తులేక కాదు. ఊళ్లూళ్లూ తిరిగి ముసలివాళ్ల చేత చెప్పించుకున్నప్పుడు కూడా చూశాను, కథ అయ్యాక అందరూ ఏదో ఒకటి చేసేవారు, ఒకావిడ చేతులు కడుక్కునేది, ఒకాయన కిటికీ మూసేవాడు, కొండవైపు ఒక ముసలావిడ చుట్టూ కూర్చున్న పిల్లల అరికాళ్లు ఒక్కొక్కటే తుడిచింది. నేను అప్పటికే రికార్డరు ఆపేసి వైర్లు చుడుతూ ఉండేదాన్ని. అది కథలోది కాదు కదా, పట్టికలో దానికి గడి లేదు. అన్ని దేశాల బూచాళ్లనూ ఎలా రప్పించాలో నేర్చుకున్నాను, ఒక్కణ్ణీ ఎలా పంపాలో రాసుకోలేదు. ఇప్పుడు వాడు ఎక్కడున్నాడని పిడుగు అడిగింది అందుకే. నేను చెప్పవలసినదే అడిగింది. ఎక్కడో ఉంటాడులే అన్నాను, అప్పట్నుంచీ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

లేచాను. జిరాఫీ మెడ మీద వేలితో కొట్టాను, గంట ఇంకా కాలేదండీ అని కౌంటరు అమ్మాయి వెనక నుంచి అంటోంది, నేను గడప దాటేశాను. చిన్న గది, నేల మీద చాప, చాప మీద పిడుగు, ముందు తెల్ల కాగితం, రంగు పెన్సిళ్లు వరసగా పేర్చి ఉన్నాయి, కాగితం మీద ఒక్క గీతా లేదు. వదిన కళ్లు ఉబ్బి ఉన్నాయి. డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది, ఆగమన్నట్టు. ఆగితే ఇంక చెప్పలేనని నాకు తెలుసు.

"వదినా, ఆయా ఏమీ చెయ్యలేదు. నేను పాపకి ఒక కథ చెప్పాను."

అంతవరకే అయింది. పిడుగు చాప మీద నుంచి లేచి వచ్చి నా మీద పడింది, నడుం పట్టుకుని పైకి ఎగబాకింది, నేను వంగేసరికి రెండు చేతులతో నా నోరు మూసింది. ఆ చేతుల బలం నేను ఎరగను. గోరు పెదవికి గీసుకుంది. తల అడ్డంగా ఊపుతోంది, ఊపుతూనే ఉంది. ఆ వేళ్ల సందుల్లోంచే చెప్పాను, మూటాయన, తడి పాదాలు, రెండు పిలుపులు, షరతు, రికార్డింగు, సెమినారు, ఏదీ వదల్లేదు. ప్రొఫెసరు తల ఊపడం కూడా చెప్పాను, అదొక్కటీ చెప్పకపోతే బాగుండును, సాకు చెప్పినట్టయింది. అన్నయ్య తల దించుకున్నాడు, నేననుకున్నట్టే. వదిన నా వంక తిరిగింది.

"ఆవిడని గేటు బయట నిలబెట్టి నేను అన్ని మాటలు అన్నప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదూ."

"ఉన్నాను."

ఈసారి వదిన పంతులమ్మా అనలేదు, ఉత్త నువ్వు అంది. పిడుగు చేతులు నా నోటి మీద నుంచి జారాయి, నా మెడ పట్టుకుని నా భుజం మీదుగా తలుపు వంక చూస్తోంది. నేను చెప్పేశాను కనుక ఇప్పుడు వాడు రావాలి. దాని గుండె నా ఛాతీ మీద కొట్టుకుంటోంది. అప్పుడు వదిన, నా వైపు చూడకుండా, పెన్సిళ్ల వంక చూస్తూ అడిగింది, ఆ కథకి చివరేమిటి అని. లేదు, నేను చెప్పలేదు అన్నాను.

"అయితే ఇప్పుడు చెప్పు."

పిడుగుని అన్నయ్య చేతికిచ్చాను. నేను వెళ్లి వాణ్ణి బయట వదిలి వస్తాను, నేను బయటికి వెళ్లగానే నువ్వు గడియ పెట్టు, ఎవరు పిలిచినా తియ్యకు, మూడుసార్లు పిలిస్తేనే తియ్యి, వాడికి మూడోసారి రాదు కదా అని పిడుగుతో అన్నాను. అది ఊ అనలేదు, ఎప్పుడు చుట్టుకుందో, నా చున్నీ కొస మాత్రం వేలి నుంచి మెల్లగా విప్పింది. నేను పక్కనున్న గాలికేసి తిరిగి, పద నాయనా, నీ పని అయిపోయింది అన్నాను, నాన్న అన్నట్టే. గది దాటాను. వెనక అన్నయ్య పిల్లని ఎత్తిపట్టుకున్నట్టున్నాడు, గడియ రెండుసార్లు జారి మూడోసారికి పడింది. చేపలతొట్టి పక్క నుంచి, కౌంటరు పక్క నుంచి, ఎవరినో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న పిచ్చిదానిలా నడిచాను, కౌంటరు అమ్మాయి లేచి నిలబడింది, ఆ పిల్లాడు మాత్రం పక్కకి జరిగి మా ఇద్దరికీ దారి ఇచ్చాడు. బయట మెట్ల మీద ఎండ. నిన్ను నేనే తెచ్చాను, తప్పు నీది కాదు, వెళ్లు అన్నాను. వాడు వెళ్లాడో లేదో నాకు తెలియదు. తిరిగి వచ్చి జిరాఫీ ముందు నిలబడ్డాను.

పిడుగూ అని పిలిచాను. లోపల చప్పుడు లేదు. రెండోసారి పిలిచాను. లోపల ఎవరో చాప మీద అడుగు వేశారు, ఆగారు. ఇంక ఒక్కసారి పిలవాలి. పిలిస్తే తలుపు తెరుచుకుంటుంది, తెరుచుకుంటే వదిన మొహం ఉంటుంది, ఆ తర్వాత ఆయా ఇల్లు ఎక్కడుందో కనుక్కుని ఆ గుమ్మం ముందు నిలబడటం ఉంటుంది, బడివాళ్ల ముందు, నాన్నలాంటి అన్నయ్య ముందు తలెత్తడం ఉంటుంది, ఇవన్నీ ఈ చెక్క అవతల నా కోసం కాచుకుని ఉన్నాయి. నోరు తెరిచాను. రెండు వారాలు మూసుకున్న నోరు కదా, గొంతు పెగల్లేదు. మూటాయనకి ఎందుకు మూడోసారి రాదో, ఏ పుస్తకంలోనూ దొరకని ఆ సంగతి, అక్కడ నిలబడి ఉండగా తెలిసింది. నుదురు తలుపుకి ఆనించాను. అప్పుడు తలుపు అవతల నుంచి, నా నడుం ఎత్తులో, గడియ దగ్గర కాదు, ఇంకా కిందుగా, చెక్కకి పెదవులు ఆనించి మాట్లాడినట్టు వినబడింది.

"ఇంకోసారి పిలువత్తా."